పిచ్చుక నొక్కని లింకు

ఆ ప్రచురణ సంస్థలో ఆమె చేరి రెండు నెలలైంది. ప్రోగ్రాములు రాయడం ఆమె పని. అనువాదకులు తమ పాఠకులకు తమ సొంత చిరునామాల నుంచే ఈమెయిళ్ళు పంపుకునేలా ఏర్పాటు చేయమన్నారు ఎడిటరు గారు. పంపే భారమంతా ఒక క్లౌడ్ సర్వీసుది. అయితే అది ఎవరినీ ఊరికే నమ్మదు. ప్రతి చిరునామాకీ ఒక లింకు పంపుతుంది. ఆ చిరునామా తనదేనని ఒప్పుకుంటూ మనిషి ఇరవై నాలుగు గంటల్లోగా దాన్ని నొక్కాలి. లేకపోతే లింకు చెల్లదు.

నలభై ఏడుగురికి చేత్తో పంపడమెందుకని ఆమె చిన్న ప్రోగ్రాం రాసింది. సర్వీసు సెకనుకు ఒక్క అభ్యర్థన మించి తీసుకోదు కాబట్టి, ఒక్కో చిరునామాకూ మధ్య ఒక సెకను ఆగమని చెప్పింది. సోమవారం పొద్దున నడిపి, తెరమీద ఒక్కొక్క వరసే దిగుతుంటే చూస్తూ కూర్చుంది. ముప్పై ఒకటో వరసలోని చిరునామాలో 'పిచ్చుక' అని కనబడింది. పక్కనే నూట పద్నాలుగు.

నూట పద్నాలుగు వాళ్ళ చిన్నప్పటి ఇంటి నంబరు. పిచ్చుక ఆమె చెల్లెలు. ఆ ముద్దుపేరు ఆ ఇంటి గడప దాటి ఎప్పుడూ బయటికి పోలేదు. అనువాదకులంతా కలం పేర్లతోనే రాస్తారు గనుక రెండు నెలలుగా చెల్లెలి పుస్తకాలు తన బల్లమీదే ఉన్నా ఆమెకు తెలియలేదు.

తొమ్మిదేళ్ళ కిందట చెల్లెలు ఒక రహస్యం చెప్పింది. ఫార్మసీ కాలేజీకని బయల్దేరి రోజూ లైబ్రరీలో కూర్చుని కథలు అనువదిస్తోందట. "నాన్నకి చెప్పకు అక్కా, నేనే చెప్తాను" అంది. అక్క నోట్లో నువ్వుగింజ నానలేదు. చెల్లెలి మంచికేనని తనకు తాను సర్దిచెప్పుకుని, ఆ సాయంత్రమే చెప్పేసింది. తండ్రి ఆ కాగితాలన్నీ చించేశాడు. మూడో రోజుకల్లా చెల్లెలు ఒక సంచీ పట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది తండ్రి పోయిన రోజునే. తల్లి భుజంమీద తల పెట్టి ఏడ్చింది, అక్క ముఖం చూడకుండానే తిరిగి వెళ్ళింది.

మంగళవారం పొద్దుటికి నలభై ఆరుగురు నొక్కేశారు. పిచ్చుక ఎదురుగా మాత్రం 'వేచి ఉంది' అనే ఉంది. పదకొండు గంటలకు అది 'గడువు తీరింది'గా మారింది.

గంటకోసారి చూసుకోవలసిన ఆ పట్టికను ఆమె ఐదు నిమిషాలకోసారి చూసింది. నేనిక్కడున్నానని తెలిసిపోయిందేమో, అందుకే నొక్కలేదేమో అనుకుంది. గోరంత అనుమానం కొండంతైంది. ఆ చిరునామాకు తానే నాలుగు ముక్కలు రాద్దామా అని కూడా అనిపించింది. కానీ అది ఆఫీసు చేతికొచ్చిన చిరునామా, చెల్లెలు తనకిచ్చింది కాదు.

"ఒకరు మిగిలారటగా?" అన్నారు ఎడిటరు గారు బల్ల దగ్గరికొచ్చి.

"అవునండీ. మళ్ళీ పంపుతాను."

"ఆవిడ పని విషయంలో చాలా పక్కాగా ఉంటుంది. ఉత్తరం కాస్త ఆప్యాయంగా రాసి చూడమ్మా."

లింకుతో వెళ్ళే మాటల్ని మార్చుకునే వీలుంది. ఆమె ఆ మాటలు తెరిచి, చివర 'నన్ను క్షమించు పిచ్చుకా' అని కొట్టింది. చాలాసేపు దానివంక చూసింది. పని కావాలంటే ఆ లింకు నొక్కక తప్పదు. నొక్కక తప్పని ఉత్తరంలో క్షమించమని అడగడమంటే మెడమీద కత్తి పెట్టి అడగడమే. ఆ వాక్యం తుడిచేసి, 'ఇబ్బంది ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని తన బల్లమీది నంబరు మాత్రం ఇచ్చి పంపింది.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మీ లింకు నొక్కితే గడువు తీరిపోయిందంటోందండీ."

ఆ గొంతు వినగానే కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. "అది సోమవారంది అయ్యుంటుందండీ. నిన్న సాయంత్రం ఇంకోటి పంపాం. చూడండి."

"ఉండండి... అవును, మీ నంబరున్న ఉత్తరం పైనే ఉంది, నేను కిందిదాన్ని నొక్కాను. రెండూ స్పామ్‌లో పడ్డాయి. ఇవాళ్టిదాకా నేనిటువైపు చూడనే లేదు."

రెండు రోజులు ఆమె అల్లుకున్నదంతా ఆ ఒక్క మాటతో కూలింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"పైనున్నది నొక్కండి," అంది.

"నొక్కాను." అవతలి గొంతు మారింది. "అక్కా, నువ్వేనా?"

"నేనే."

తెరమీద వరస 'సరిచూశాం'గా మారింది. అది చూసే స్థితిలో లేదామె. చెల్లెలు ఫోన్ పెట్టేయలేదు. అదే చాలనిపించింది.

"ఆ రోజు నాన్నకి చెప్పడం తప్పే. నీ మంచికని అనుకున్నా, నిజానికి కడుపులో దాచుకోలేక చెప్పాను."

"ఈ మాట అనడానికి తొమ్మిదేళ్ళు పట్టిందా నీకు?"

"పట్టింది."

"ఇప్పటికిప్పుడు ఏమనాలో నాకు తెలియట్లేదు." అవతల కిటికీ మూసిన చప్పుడు. "శనివారం అమ్మకి ఫోన్ చేస్తాను. నువ్వు ఎత్తు."

శనివారం పదింటికి ఫోన్ మోగితే ఆమే ఎత్తింది. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. సగం అమ్మ మోకాలి నొప్పి గురించీ, సగం చెల్లెలు అనువదిస్తున్న పిల్లల పుస్తకం గురించీ. అందులో ఒక మాటకు సరైన తెలుగు దొరకడం లేదంది. ఆమెకీ తోచలేదు. "ఆలోచించి చెప్తా," అంది.

"చెప్పు. ఇక అమ్మకివ్వు."

ఫోన్ తల్లి చేతికిచ్చి, తలుపు దగ్గరే గోడకానుకుని నిలబడింది. అవతల ఏమంటోందో వినబడలేదు. తల్లి మాత్రం నవ్వుతూనే ఉంది.