పీపా అడుగంటిన రోజు

రుమెనా పొద్దున్నే చేసే పనుల్లో మొదటిది పొయ్యి రాజెయ్యడం, రెండోది మొగుడి చేతికి బీపీ పట్టీ చుట్టడం. పొయ్యి ఎదురు మాట్లాడదు. బ్లాగొయె మాట్లాడతాడు.

"ఎద్దుకి మోకు బిగించినట్టు బిగిస్తావేమే," అంటాడు రోజూ ఒకే మాట.

మాట్లాడితే అంకె పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట రుమెనాకి బాగా కలిసొచ్చింది. నోటి మీద వేలు పెట్టి చూపించి తన పనిలోకి పోయేది. యంత్రం నొక్కే ముందు అయిదు నిమిషాలు ఆయన కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. ఆ అయిదు నిమిషాల్లో ఆమె కోళ్లకి గింజలు చల్లి, పాలు పొయ్యి మీద పెట్టి, పంపు దగ్గర బిందె నింపుకొచ్చేది. తిరిగొచ్చి యంత్రం నొక్కి, పడిన అంకెని తారీఖు వేసి నోటుబుక్కులో రాసేది. మనవరాలు సగం రాసి వదిలేసిన లెక్కల పుస్తకం అది. ముందు సగం కూడికలు, వెనక సగం బ్లాగొయె రక్తపోటు.

ఇంత పట్టింపు ఆమెకి ఊరికే రాలేదు. పక్క గదిలో ఇనప మంచం ఒకటుంది. ఇప్పుడు దాని మీద ఉల్లిపాయలు ఆరబోసి ఉన్నాయి. ఒకప్పుడు దాని మీద ఆమె అత్త ఏడేళ్లు పడుకుంది. ముసలమ్మకీ రక్తపోటే. తలనొప్పి వచ్చినరోజు మాత్ర వేసుకునేది, తగ్గినరోజు డబ్బాని అలమరలో దాచేది. ఒక శరత్కాలంలో పెరట్లో మిరపకాయలు కాలుస్తూ కాలుస్తూ పక్కకి ఒరిగిపోయింది. కుడి పక్క అంతా పోయింది. రుమెనా అప్పుడు పట్నంలో బట్టల మిల్లులో రెండో షిఫ్టు చేసేది. పొద్దున అత్తని కడిగి, తినిపించి, పక్క మార్చి, మధ్యాహ్నం మగ్గం దగ్గరికి పోయేది. ఏడేళ్లకి ముసలమ్మ వెళ్లిపోయింది. రుమెనా నడుము మాత్రం మళ్లీ నిటారుగా నిలబడలేదు.

అందుకే నిరుడు శరత్కాలంలో బ్లాగొయెకి మొదటిసారి నూట ఎనభై అని తేలినప్పుడు ఆమె మొగుడి మొహం చూడలేదు. ఆ ఇనప మంచాన్ని చూసింది.

డాక్టర్ తియానా వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, ఊరి ఆసుపత్రి గదికి వస్తుంది. తక్కిన రోజుల్లో పట్నంలో ఉంటుంది. రెండు మందులు కలిపిన మాత్ర ఒకటి రాసింది. రోజూ ఒకే వేళకి వెయ్యాలనీ, ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వెయ్యకూడదనీ, బాగుందని మానకూడదనీ చెప్పింది. ఉప్పు తగ్గించమంది. రుమెనా తగ్గించలేదు, ఉప్పు డబ్బానే ఇంట్లోంచి తీసేసింది. బీన్సు గింజలు చప్పగా ఉడికాయి. మొక్కజొన్న రొట్టె చప్పగా కాలింది. చివరికి సూపు కూడా వేడినీళ్ల వరసలోకి పోయింది.

"నీ వంట శవం నోట్లో పెడితే లేచి కూచుని ఉప్పడుగుతుంది," అన్నాడు బ్లాగొయె.

"లేచి కూచుంటే మంచిదేగా," అంది రుమెనా.

ఇంత చేసినా అంకె దిగలేదు. నూట డెబ్బై రెండు, నూట అరవై ఎనిమిది, మళ్లీ నూట డెబ్బై. జనవరిలో డాక్టరమ్మ ఆ పేజీలన్నీ తిప్పి చూసింది. ఉప్పు సంగతి ఏమిటని అడిగితే, మా ఇంట్లో ఉప్పు డబ్బాయే లేదని రుమెనా తలెత్తి చెప్పింది. మాత్ర సరిగ్గా మింగుతున్నాడా అంటే, నా కళ్ల ముందే మింగుతాడని చెప్పింది. రెండు మాటలూ నిజమే. డాక్టరమ్మ మాత్ర మార్చింది. ఈసారి మూడు మందులు ఒకదాంట్లోనే, అందులో ఒకటి ఒంట్లోని నీటిని బయటికి తోసేది. మీసం దువ్వుకుంటూ బ్లాగొయె, ముగ్గురు పెళ్లాల్ని ఒక్క కుర్చీలో కూచోబెట్టినట్టుందని అన్నాడు.

ఆ మాత్రని కూడా రుమెనాయే తన చేత్తో ఇచ్చేది, కొట్టుగదిలోంచి తెచ్చిన గ్లాసుడు క్యాబేజీ ఊటతో. ఇంటి కింద కొట్టులో నీలం పీపా ఉంది. ప్రతి శరత్కాలం నలభై క్యాబేజీలు ఊరడానికి దాంట్లో పడతాయి. రంగుకి ఒక బీట్‌రూటు పడుతుంది. వారానికి రెండుసార్లు అడుగున కుళాయి తిప్పి ఊటని బకెట్లోకి పట్టి మళ్లీ పైనుంచి పొయ్యాలి, లేకపోతే కుళ్లుతుంది. నెల తిరిగేసరికి ఆ ఊట పులిసి, ఎర్రగా, చురుక్కుమని, నాలుకని తట్టిలేపేలా తయారవుతుంది. చలికాలం పరగడుపున ఒక గ్లాసు తాగితే ఏ రోగమూ దరిచేరదని రుమెనాకి వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకి వాళ్లమ్మ చెప్పింది. ఆ చప్పిడి తిండికి బెంగపడిన మొగుడికి అదొక్కటే ఊరట అని ఆమె సాయంత్రం కూడా ఒకటి ఇచ్చేది. పొద్దున్న తనూ ఒకటి తాగేది.

ఈస్టరుకి ముందు ఉపవాసాల ఏడువారాలూ మాంసం లేదు, పాలు లేవు, క్యాబేజీయే గతి. మార్చి నెలాఖరుకి పీపా అడుగంటింది. రుమెనా దాన్ని పెరట్లోకి దొర్లించి, వేడినీళ్లతో తోమి, రేగు చెట్టు కింద బోర్లించింది. నడుము పట్టుకుని కాసేపు ఆ పీపా మీదే కూర్చుంది.

ఏప్రిల్ మొదటి వారంలో అంకె దిగడం మొదలైంది. నూట నలభై. నూట ఇరవై ఎనిమిది. రుమెనా ఆ అంకెల కింద గీత గీసుకుంది. ఇన్నాళ్లకి మందు పట్టిందని అనుకుంది. నూట పదికి వచ్చిన రోజు, ఇంక మంచం భయం లేదని ఆ రాత్రి మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయని బ్లాగొయె రెండుసార్లు అన్నాడు. ఎండలు మొదలయ్యాయిలే అంది.

బుధవారం పదిగంటలకి ఆయన ద్రాక్షతోటలో గొంతుక్కూర్చుని తీగల్ని నారతో కొయ్యలకి కడుతున్నాడు. ఒక వరస అయిపోయి లేచి నిలబడ్డాడు. నిలబడినవాడు నిలబడినట్టే పక్కకి, తీగల మీదికి ఒరిగాడు.

రెండు వరసల అవతల ఉన్న రుమెనాకి ఆ ఒరగడం తెలుసు. మిరపకాయల మంట పక్కన ఒకసారి చూసిందే. అరవలేదు, అరిచే ఓపిక లేదు. పరుగెత్తి వెళ్లి మొహం చూసింది, నోరు వంకరపోలేదు. కుడి చెయ్యి ఎత్తమంది, ఎత్తాడు. ఎడమ చెయ్యి ఎత్తమంది, ఎత్తాడు.

"పోలీసులకి పట్టుబడిన దొంగనా, చేతులెత్తిస్తావు," అన్నాడు గొణుగుతూ. అప్పుడామెకి ఊపిరి వచ్చింది.

పక్క తోటలోంచి వాళ్ల పొరుగామె యాగొదా వచ్చి సాయం పట్టింది. ఇద్దరూ ఆయన్ని ఇంటికి చేర్చి, పడుకోబెట్టి, పట్టీ చుడితే తొంభై రెండు. రుమెనా పట్నం ఆసుపత్రికి ఫోను చేసింది. నర్సు అన్నీ అడిగింది: తల నేలకి తగిలిందా, మాట తడబడుతోందా, గుండెలో నొప్పి ఉందా. ఏదీ లేదంటే, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టమనీ, నీళ్లు తాగించమనీ, మళ్లీ స్పృహ తప్పితే వెంటనే అంబులెన్సుకి చెయ్యమనీ, రేపు పొద్దున మాత్ర వెయ్యకుండానే తీసుకురమ్మనీ చెప్పింది. ఆయన మింగేవన్నీ ఒక సంచిలో వేసి తెమ్మంది.

ఫోను పెట్టేసరికి యాగొదా తన ఇంటికెళ్లి మాత్రల పట్టీ ఒకటి తెచ్చింది. తనకీ రక్తపోటేననీ, తనది మెత్తటి మందనీ, బావగారికి రోజూ సగం ఇస్తే చాలనీ చెప్పింది. బ్లాగొయెకి అదీ వద్దు, ఇదీ వద్దు. అరవై ఆరేళ్లు మాత్ర ఎరగని ఒళ్లు, మూడింటిని ఒకటిగా చేసి మింగిస్తే పడక ఏం చేస్తుంది, రేపట్నుంచి ఏమీ మింగను, పట్నమూ రాను అన్నాడు.

రుమెనా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీ అమ్మ కూడా ఇట్లాగే అంది. ఏడేళ్లు మోశాను. నా చేతుల్లో ఇంకో మంచం లేదు, బ్లాగొయె. నువ్వు పడితే నిన్నెత్తడానికి ఎవరూ లేరు. నేను కోపంతో అనడం లేదు. నిజంగా లేరు."

ఆయన గోడవైపు తిరిగాడు. "బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

బ్లాగొయె ముప్ఫయ్యేళ్లు ఆ దారిలో బస్సు నడిపినవాడు. మర్నాడు పట్నం దాకా ఆ కుర్ర డ్రైవరు గేరు మార్చే తీరుని తప్పు పడుతూనే ఉన్నాడు. రుమెనా కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. మొగుడు తిడుతున్నంతసేపూ బతికి ఉన్నట్టే.

డాక్టర్ తియానా సంచిని బల్ల మీద బోర్లించింది. మూడు మందుల మాత్ర డబ్బా. మిగిలిపోయిన రెండు మందుల డబ్బా. యాగొదా బలవంతాన పెట్టిన మాత్రల పట్టీ. నడుము నొప్పి మాత్రలు. అవెవరివని అడిగితే, తనవని రుమెనా చెప్పింది. బ్లాగొయె అవి ఎప్పుడూ ముట్టలేదు. డాక్టరమ్మ యాగొదా పట్టీని వేలితో పక్కకి తోసింది. నోటుబుక్కు తెరిచింది. ఒక్కో అంకె మీదా వేలు పెట్టుకుంటూ వచ్చి, మార్చి చివర ఆగింది.

ఇక్కడ ఏం మారిందని అడిగింది. ఏమీ మారలేదని రుమెనా అంది. అదే మాత్ర, అదే వేళ, అదే చప్పిడి వంట. కొత్త మందేదైనా వేశారా, తిండి మానేశాడా, విరేచనాలా, ఒక్కొక్కటే అడుగుతోంది డాక్టరమ్మ. రుమెనా అన్నిటికీ తల అడ్డంగా ఊపుతోంది.

"పోనీ, మాత్ర దేంతో మింగుతాడు?"

"ఇప్పుడు నీళ్లతోనే."

"ఇప్పుడంటే? ఇదివరకు?"

"క్యాబేజీ ఊటతో. పీపా అయిపోయిందిగా. కడిగి బోర్లించేశాను."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. రోజుకి ఎన్ని గ్లాసులని నెమ్మదిగా అడిగింది. రెండు, ఆదివారం మూడు అని బ్లాగొయె తనే చెప్పాడు, అంత చిన్న సంగతి ఎందుకు అడుగుతోందో తెలియక.

"పీపాలో ఉప్పు ఎంత వేస్తావు, రుమెనా?"

రుమెనా చెప్పబోయింది. పీపాకి ఎంత ఉప్పు పడుతుందో ఆమె నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆ ఉప్పుని తన చేత్తోనే కొలిచి పోసింది. అయినా ఈ ఆర్నెల్లలో ఒక్కసారి కూడా అది ఉప్పని తోచలేదు. ఉప్పంటే డబ్బాలోది. ఊటంటే మందు. ముందు గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని కాపలా కాసి, దొడ్డి గుమ్మం తనే తీసిపెట్టింది.

"మా అమ్మా అంతే," అంది డాక్టరమ్మ. "నేను డాక్టర్నని తెలిసి కూడా సీసాలో పోసి పంపేది. ఒక్కో గ్లాసులో దగ్గర దగ్గర చెంచాడు ఉప్పు తల్లీ. ఈ మాత్ర చలికాలమంతా నీ పీపాతో కుస్తీ పట్టింది. పీపా తప్పుకుంది. ఇంక పట్టడానికి ఎవరూ లేక ఈయన్నే పడగొట్టింది. నేనూ ఉప్పు డబ్బా గురించే అడిగాను, పీపా గురించి అడగలేదు."

ఆ రోజే రక్తం తీయించింది, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో, ఒంట్లో లవణాలు ఎంతున్నాయో చూడటానికి. మధ్యాహ్నానికి కాగితాలు చూసి, పాత రెండు మందుల మాత్రకే దింపింది. రేపట్నుంచి అదొక్కటే, మూడు మందులది ఇంట్లో ఉంచొద్దు, కిందనున్న మందుల షాపులో తిరిగి ఇచ్చెయ్యమంది. పొరపాటున రెండూ పడితే ఈసారి ద్రాక్షతీగలు కూడా ఆపలేవంది. అంకె బాగున్నా, బాగా లేకపోయినా సొంతంగా మానడం, సగం చెయ్యడం వద్దు, తనకి ఫోను చెయ్యాలి. లేచేటప్పుడు ముందు కాసేపు కూర్చుని అప్పుడు నిలబడాలి. ఊట బొట్టు కూడా వద్దు. క్యాబేజీ తినాలనిపిస్తే నీళ్లలో నానబెట్టి కడిగి, కొంచెం.

"కడిగిన క్యాబేజీయా," అన్నాడు బ్లాగొయె. "డాక్టరమ్మా, నేను పడినప్పుడే పోవాల్సింది."

రుమెనా సంచి సర్దుతోంది. డాక్టరమ్మ ఆమెనే చూస్తోంది.

"నువ్వు కూడా తాగేదానివా?"

"పొద్దున ఒకటి."

"నీ అంకె ఎప్పుడు చూసుకున్నావు?"

యంత్రం మొగుడి కోసం కొన్నది. దాన్ని తన చేతికి చుట్టుకోవచ్చనే ఆలోచనే రుమెనాకి రాలేదు. డాక్టరమ్మ కూర్చోబెట్టి చూసింది. నూట అరవై ఆరు. మళ్లీ చూసింది, నూట అరవై నాలుగు. ఆ నడుము నొప్పి మాత్రలు రోజూ మింగుతావా అని అడిగి, అవి కూడా రక్తపోటుని ఎగదోస్తాయని చెప్పింది, ఆపమంది. నడుముకి వేరే దారి చూద్దామంది. ఒక్క రోజు చూసి మందు రాయననీ, రెండు వారాలు పొద్దునా సాయంత్రమూ రాసుకుని రమ్మనీ, అప్పటిదాకా మొగుడి మాత్రని చేత్తో కూడా ముట్టొద్దనీ అంది.

తిరుగు బస్సులో బ్లాగొయె డ్రైవర్ని ఒక్క మాట కూడా అనలేదు. ఊరు దగ్గర పడుతుండగా అన్నాడు, "నువ్వు పడితే నేను నీకు సూపు కూడా కాచలేనే. నీళ్లు ఎంత పెట్టాలో కూడా తెలీదు."

"నాకు తెలుసు," అంది రుమెనా. ఆమె భయం కూడా అదే.

మర్నాడు పొద్దున ఆమె పొయ్యి రాజేసి, పాలు పెట్టి, బిందె అందుకుంటుంటే ఆయన కుర్చీ లాగాడు.

"కూచో. అయిదు నిమిషాలు."

"కోళ్లు..."

"మాట్లాడకు. అంకె పెరుగుతుంది."

పట్టీ తిరగేసి చుట్టాడు. విప్పి మళ్లీ చుట్టాడు. నోటుబుక్కు ముందు పెట్టుకుని, ఖాళీ పేజీలో పైన ఆమె పేరు రాసి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. రుమెనా చెయ్యి బల్ల మీద పెట్టి కూర్చుంది. పెళ్లయిన ఈ నలభై ఏళ్లలో పొద్దుటి పూట అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్న గుర్తు ఆమెకి లేదు. కోళ్లు అరుస్తున్నాయి. పాలు పొంగుతున్న వాసన వచ్చింది. లేవాలనుకుంది. కళ్లు మూతలు పడ్డాయి.

అయిదు నిమిషాలు అయ్యాయి. బ్లాగొయె యంత్రం మీట మీద వేలు పెట్టి, నిద్రపోతున్న ఆమె మొహం చూసి, వేలు తీసేశాడు. పాలు పొయ్యి మీద పొంగి మాడుతున్నాయి. చప్పుడు కాకుండా వెళ్లి, గిన్నెని తన టోపీతో పట్టుకుని దించాడు. కోళ్లకి గింజలు ఎక్కడుంటాయో తెలియక కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు.