పంతొమ్మిది ప్రశ్నలు

ఫెలిసిటీ మార్చ్‌బ్యాంక్స్ సంచీలోంచి ముందుగా బయటపడ్డవి మెదడు బొమ్మలు. ప్లాస్టిక్ పూత వేసిన అట్టల మీద ఎర్ర మెదడు, పసుపు మెదడు, నీలం మెదడు, ఒక్కోదానికి రెండు కళ్ళూ నవ్వే నోరూ. వాటిని చూడగానే టీచరు లొరేన్ ట్రెగెన్జాకు ఒళ్ళు మండిపోయింది. క్లాసులో ఉన్న ఆరుగురిలో అందరికన్నా చిన్నవాడికి పదిహేనేళ్ళు, వాడూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. వాళ్ళ ముందు ఈవిడ బొమ్మలు పరుస్తోంది.

లొరేన్ దక్షిణ ఆస్ట్రేలియాలో వాలరూ అనే ఊరి రేవు పక్కనున్న ఆ బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తోంది. ఈ ఆరుగురిలో కొందరు ఆటిజం ఉన్నవాళ్ళు, ఒకడికి అక్షరాలు కుదురుగా నిలబడవు, ఒకడు పది నిమిషాలు ఒకచోట కూర్చోలేడు. ఇలాంటి పిల్లలకు రొట్టె ముక్కలు కాల్చడం, తువ్వాళ్ళు మడత పెట్టడం నేర్పి, దానికి 'జీవన నైపుణ్యాలు' అని పేరు పెట్టి చేతులు దులుపుకోవడం ఆ బడిలో ఆనవాయితీ. లొరేన్ మాత్రం నాలుగేళ్ళుగా వాళ్ళకు మీడియా పరిశోధన నేర్పుతోంది. వార్తల్లో ఏముందో ఊహించకుండా, లెక్కగట్టి చెప్పే విద్య అది. తోటి టీచర్లు ఆమెకు పిచ్చి పట్టిందన్నారు. వాళ్ళకు బుర్రే లేదని ఆమె అనుకుంది, ఒకరిద్దరి మొహం మీదే అంది కూడా.

హెడ్మాస్టరు గ్రిబుల్‌కు ఎవరి మొహం మీదా ఏదీ అనే ధైర్యం లేదు. అందుకని అడిలైడ్‌లోని ఒక సలహా సంస్థ నుంచి ఈ ఫెలిసిటీని పిలిపించాడు. ఆవిడ ఒక్క పీరియడ్ చూసి, ఈ చదువు ఈ పిల్లల వల్ల కాదని రాస్తే చాలు, వచ్చే టర్ములో మీడియా పరిశోధన మూతపడి మళ్ళీ రొట్టె ముక్కలు మొదలవుతాయి. మిగతా ఐదుగురి సంగతి ఎలా ఉన్నా, టీగన్ నాన్‌కివెల్‌కు అది చావుదెబ్బ. పదహారేళ్ళ టీగన్‌కు అడిలైడ్‌లో యూనివర్సిటీకి వెళ్ళి ఇదే చదవాలని ఉంది. ఈ సబ్జెక్టులో మార్కులు లేకపోతే ఆ గుమ్మం తొక్కడం కల్ల.

ఆ రోజు పిల్లలు రికార్డు చేసి పెట్టిన సాయంత్రం వార్తలు ముప్ఫై చూసి లెక్కగడుతున్నారు. అన్నీ వికలాంగుల గురించిన వార్తలే. విలేకరి ఎవరిని అడిగాడు, జవాబు ఎవరు చెప్పారు, అదీ లెక్క. ఒక్కో వార్తకూ ఇద్దరిద్దరు విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయాలి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, తేడా వస్తే మళ్ళీ చూడాలి. ఒక్కరే గట్టిన లెక్క లెక్కే కాదని లొరేన్ నాలుగేళ్ళుగా నూరిపోసింది.

ఫెలిసిటీ ఒక ఫారం ఒళ్ళో పెట్టుకుని టీగన్ పక్కన కూర్చుంది. రెండేసి నిమిషాలకు ఒక గడి, గడిలో 'శ్రద్ధ ఉంది', 'శ్రద్ధ లేదు'.

"బంగారూ, ఈ వార్త చూస్తుంటే నీ మెదడు ఏ రంగులోకి మారింది? చూపిస్తావా?"

టీగన్ కిటికీ వైపు చూసింది.

"రంగులతో మాకు పనిలేదండీ," అంది లొరేన్. "తను సెకన్లు లెక్కపెడుతోంది."

ఫెలిసిటీ టీగన్‌కు జోడీగా రాస్తున్న రోరీ వైపు తిరిగింది. అక్షరాలు నిలబడనిది వాడికే. "ఇదంతా కష్టంగా ఉందా నాన్నా?"

"వాడు చదవడు, వింటాడు. వాడి చెవులు మీకూ నాకూ ఉన్నవాటికన్నా పదును," అంది లొరేన్.

"మరి పెద్దయ్యాక ఏమవుదామనుకుంటున్నావు?"

"సౌండ్ ఇంజనీర్," అని దానికీ లొరేనే చెప్పింది. "ఇంకా ఏమైనా అడగాలా?"

ఒక్కో జవాబూ ఒక్కో చెంపదెబ్బ అన్నట్టు కొడుతూ పోయింది లొరేన్. చదువుకున్న మూర్ఖులంటే ఆమెకు మొదట్నించీ అసహ్యం. అందులోనూ ఇలా గొంతు సాగదీసి గోముగా మాట్లాడేవాళ్ళంటే మరీను.

పెన్సిలు చెక్కుకోవడానికి లేచిన టీగన్ ఫెలిసిటీ కుర్చీ వెనక ఆగిపోయింది. చాలాసేపు ఆ ఫారం వంక చూసింది.

"ఇప్పుడు టైము పదీ ఇరవై," అంది.

"అవునమ్మా. గడియారం చూడ్డం బాగా వచ్చు నీకు."

"పదీ నలభై దాకా టిక్కులు పెట్టేశారు మీరు. అన్నీ 'శ్రద్ధ లేదు' దగ్గరే."

ఫెలిసిటీ ఫారం మీద అరచెయ్యి వేసింది. "ఇన్నేళ్ళ అనుభవం కదమ్మా. చూడగానే తెలిసిపోతుంది."

"మీ రెండో మనిషి ఎవరు?"

"రెండో మనిషేంటి?"

"మీతో పాటు విడిగా రాసేవాళ్ళు. లేకపోతే చెల్లదు."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. జరగని ఇరవై నిమిషాలకు లెక్క రాసేసిన ఆ మనిషిని చూసి లొరేన్‌కు పట్టలేని సంతోషం కలిగింది. అప్పటికప్పుడు ఫోన్ చేసి గ్రిబుల్‌ను రప్పించింది.

"చూడండి గ్రిబుల్ గారూ, మీరు పిలిపించిన మేధావి రాత. మా పిల్లల్లో ఎవరన్నా ఇలా చేసుంటే సున్నా వేసేదాన్ని."

గ్రిబుల్ ఫారం చూశాడు, గడియారం చూశాడు. ఎప్పుడూ మొహాన అతికించుకుని తిరిగే సగం నవ్వు ఊడిపోయింది. ఫెలిసిటీ మెదడు బొమ్మలన్నీ ఏరి సంచీలో వేసుకుంటోంది.

"మరిప్పుడు ఈ పీరియడ్ గురించి నా దగ్గర ఏముంది?" అన్నాడు నీరసంగా.

"మా దగ్గరుంది," అంది టీగన్.

ఫెలిసిటీ గదిలో అడుగుపెట్టిన దగ్గర్నించీ టీగన్, రోరీ టీవీ వార్తలు పక్కనపెట్టి గదిలో జరిగేదే లెక్కగట్టారు. ఇద్దరి కాగితాలూ అందుకుని, నలుగురికీ వినబడేలా చదవడం మొదలుపెట్టింది లొరేన్. పుత్రోత్సాహం లాంటిదేదో ఆమె గొంతులో పొంగింది.

"విద్యార్థులను అడిగిన ప్రశ్నలు, పంతొమ్మిది. విద్యార్థి జవాబు చెప్పినవి, నాలుగు. మిసెస్ ట్రెగెన్జా..."

గొంతు అక్కడ ఆగింది. మిగతాది గ్రిబుల్ ఆమె భుజం మీదుగా చదివాడు. మిసెస్ ట్రెగెన్జా చెప్పినవి పదిహేను. ప్రశ్న అయ్యాక జవాబు చెప్పేముందు ఆమె ఆగిన సమయం సగటున రెండు సెకన్లు. విద్యార్థులకు జవాబు చెప్పడానికి పట్టినది తొమ్మిది నుంచి పద్నాలుగు సెకన్లు. ఒక్క ప్రశ్న దగ్గర ఇద్దరి లెక్కా కలవలేదు, దానికి చుక్క పెట్టి ఉంది.

లొరేన్ మొహం కాలిపోయింది. ఫెలిసిటీ ఒక్కరోజు వచ్చి చేసిన పని తను నాలుగేళ్ళుగా చేస్తోంది. ఈ పిల్లలకు మాట రాదని తనూ నమ్మింది, కాకపోతే ప్రేమగా నమ్మింది. బడి మొత్తాన్ని చీదరించుకున్న ఆ మనిషికి మొదటిసారి తన మీద తనకే చీదర పుట్టింది.

"ఇంత పకడ్బందీగా లెక్కగట్టేవాళ్ళకు ఈ చదువు వద్దని ఎవరంటారు," అన్నాడు గ్రిబుల్. "టీగన్, ఈ కాగితాలు నా నివేదికతో పైకి పంపిస్తాను. ఇస్తావా?"

పైకి వెళితే అక్కడున్న ప్రతివాడూ ఆ పదిహేను చూస్తాడు. 'అది ఊరికే అభ్యాసం కోసం రాసింది' అన్న మాట లొరేన్ నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టింది. టీగన్ కిటికీ వైపు చూస్తోంది. రోరీ పెన్సిలు పట్టుకుని గడియారం చూస్తున్నాడు. మూడు సెకన్లు దాటాయి, ఐదు దాటాయి, ఎనిమిది దాటాయి. నోరు మూసుకుని ఉండటం ఇంత కష్టమని లొరేన్‌కు ఆ వయసులో తెలిసింది.

"ఇస్తాను," అంది టీగన్ పన్నెండో సెకనులో. "మిస్ పేరు కొట్టెయ్యమంటే మాత్రం ఇవ్వను. లెక్క చెడిపోతుంది."

గ్రిబుల్ తలూపి కాగితాలు జాగ్రత్తగా మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. లొరేన్‌ను ఎవరూ ఏమీ అడగలేదు.