చేతుల కొలతలు

మా బంధువుల్లో ఎవరికైనా మంచి చదువొస్తే 'మా వైపు' అంటారు, రోగమొస్తే 'అవతలి వైపు' అంటారు. అన్నయ్య వరప్రసాదానికి గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బిందని కిందటేడు ఆపరేషన్ చేశారు. జన్యుపరీక్షలో లోపం బయటపడింది.

"అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చుంటుంది. ఏ వైపో తెలిస్తే, ఆ వైపు వాళ్ళకి నాళం పగలకముందే వైద్యం చేయొచ్చు. ఈ లోపం ఉన్నవాళ్ళకి చేతులు బాగా పొడుగ్గా ఉంటాయి చాలాసార్లు," అన్నారు డాక్టరు గారు.

అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. బాపట్ల మావయ్యని అడిగితే మీ నాన్న వైపుదే అన్నాడు. రేపల్లె బాబాయి శాలేమురాజేమో, "మీ నాన్న పోయింది హార్టెటాక్‌తో. ఇది మీ అమ్మ వైపుదే," అని ఫోను పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ సంగతేంటో తేల్చుకోవాలని పట్టుదల కూడా పుట్టింది. ఫోటోల్లో చూద్దామంటే నాన్న అన్నిట్లోనూ చేతులు కట్టుకునే ఉన్నాడు.

తెనాలిలో మా రెండు వైపుల వాళ్ళకీ బట్టలు కుట్టేది టైలర్ కోటయ్య గారే. కుటుంబానికో కొలతల పుస్తకం ఉంటుంది ఆయన దగ్గర. రెండు వైపుల పుస్తకాలూ అటక మీద నుంచి దింపించి, తుమ్ముకుంటూ పాతవాళ్ళ పేజీలు వెతికాను. అమ్మ వైపు అన్నీ మామూలు కొలతలే. నాన్నకి చొక్కా పొడవు ఇరవై తొమ్మిది అంగుళాలు, చేతులు ఇరవై ఎనిమిది; మామూలు మగవాళ్ళకి ఇరవై నాలుగో ఐదో ఉంటాయి.

"మీ నాన్న జకరయ్య గారికి రెడీమేడ్ చొక్కాలు పట్టేవి కాదమ్మా. వాళ్ళ తమ్ముడికీ అంతే," అన్నారు కోటయ్య గారు.

మర్నాడు నాన్న వైపు పుస్తకంతో రేపల్లె బస్సెక్కాను. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని అన్న పేజీ చూశాడు, తన పేజీ చూశాడు.

"టైలర్ పుస్తకం చూసి రోగం చెప్తావా ఏంటే నిర్మలా?"

"ఇది అనుమానమే బాబాయ్. స్కాను తీస్తే తేలిపోద్ది."

"అరవై దాటినోడికి ఇంకెందుకే స్కాన్లు?"

అంటూనే ఇంకో పేజీ తిప్పాడు. అది ఆయన కూతురు కరుణశ్రీది, పోయినేడు పెళ్ళప్పటి పంజాబీ డ్రెస్ కొలత. చేతులు ఇరవై ఆరు, ఆడపిల్లకి అది బాగా ఎక్కువ. పక్కన 'నాన్న పోలిక' అని కోటయ్య గారి రాత. నేను ఆ పేజీ దాకా రానేలేదు. కరుణశ్రీకి ఇప్పుడు ఐదో నెల. నాకు భయమేసింది.

"కడుపుతో ఉన్నోళ్ళకి ప్రమాదమా?" అన్నాడు బాబాయి మెల్లిగా.

"లోపం ఉంటే ప్రమాదమే బాబాయ్. ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చు."

ఆయన ఆ అంకె మీద వేలు తియ్యకుండానే రెండో చేత్తో ఫోను అందుకున్నాడు. కూతురికి చేశాడు.

"తల్లీ, రేపు మనిద్దరం గుండె స్కానుకి వెళ్దాం. ఏం లేదమ్మా, కంగారు పడమాక. వరప్రసాదన్నయ్యకి వచ్చింది మన వైపుదే."