సాకే మనిషి

గోడ మీది చొంగను మధ్యాహ్నంలోపు తుడవకపోతే ఎండి అట్టకడుతుంది. ఆ తర్వాత గోకినా రాదు. అదీ నేల దగ్గర కాదు, చౌడేశ్వరి తలకు సమానమైన ఎత్తులో. గ్రేట్ డేన్ కుక్క ఒక్కసారి తల విదిలించిందంటే ఆ చుక్కలు ఎక్కడ పడతాయో చెప్పలేం. రెండేళ్లుగా హిందూపురంలోని ఆ ఇంట్లో చౌడేశ్వరి భుజం మీద తడిగుడ్డ లేని పూట లేదు.

కుక్కను బెంగళూరు నుంచి తెచ్చింది ఆమె భర్త తిరుపాల్. ఫోనులో వీడియో చూసి ముచ్చటపడ్డాడు. "ఏం పనుంటాదే దానికి? తిండి పెడితే ఒక మూల పడుంటాది," అన్నాడు. ఒళ్లో పట్టిన పిల్ల ఏడాది తిరిగేసరికి యాభై కిలోలు దాటింది. ఆయన డైసీ అని పేరు పెట్టాడు. "ఇది కుక్కేందిరా, దూడ," అంది అత్త గంగులమ్మ, ఆ పేరే నిలిచింది. డైసీ అన్న మనిషి సిమెంటు అంగడికి పోయేవాడు, దూడ అన్న మనిషి పూజ గదిలోకి పోయేది. ఇక మిగిలింది చౌడేశ్వరే కదా.

పొద్దున్నే అత్త స్నానం ముగిసేలోపు పెరట్లో పెంట ఎత్తాలి. కోడిమాంసం, అన్నం ఒక గిన్నెలో, ఇంటివాళ్ల వంట ఇంకో గిన్నెలో. కడపరాయి నేల మీద పడుకొని దాని మోచేతులు పుండ్లు పడితే గోనెసంచుల్లో పాత చీరలు కుక్కి పరుపు కుట్టింది. మొదటి నెలలో అది ఆమెను వీధి చివరిదాకా ఈడ్చుకుపోయింది. మోకాళ్లు దోక్కుపోయి ఇంటికొస్తే తిరుపాల్ నవ్వాడు. "కుక్కను నువ్వు తిప్పుతాండావా, కుక్క నిన్ను తిప్పుతాందా?" మోకాళ్ల కంటే ఆ నవ్వే ఎక్కువ మండింది. మర్నాటి నుంచి అది లాగిన ప్రతిసారీ ఆమె చెట్టులా నిలబడిపోయింది, తాడు వదులైతేనే అడుగు వేసింది. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు చిటికెన వేలికి తాడు తగిలించుకొని బజారంతా తిప్పుతుంది. ఈ ఊళ్లో ఇది ఇంకెవరికి చేతనవుతుంది అని లోలోపల మురిసిపోయేది. మురిసిపోతే తప్పేముంది? ఆమె చేత్తో పెడితే తప్ప అది తినదని ధర్మవరంలో అన్న కూతురి ఓణీల ఫంక్షన్‌కు కూడా పోలేదు. అందుకు ఇంట్లో ఎవరూ అయ్యో అనలేదు.

దూడ ఏడు పిల్లల్ని ఈనింది. అంత బరువైన తల్లి తెలియక పిల్లల మీద పడుకుంటుందేమోనని, అది పడుకునే గదిలో గోడకు బెత్తెడు ఎడంగా, నేలకు కాస్త ఎత్తులో చుట్టూ కర్ర కొట్టించింది చౌడేశ్వరి. గోడకూ కర్రకూ మధ్య సందులో దూరి ఏడూ బతికాయి. వచ్చినవాళ్లకు ఆ కర్ర చూపించి, "నేనే కొట్టించినా," అనేవాడు తిరుపాల్. ఆమె గుడ్డ పిండుకుంటూ వినేది.

ఆరు పిల్లల్ని అడిగినవాళ్లు తీసుకుపోయారు. చివరిదాని కోసం పెనుకొండ నుంచి కాంట్రాక్టర్ ఆంజనప్ప వచ్చాడు. ఆయన సిమెంటంతా తిరుపాల్ దగ్గరే కొంటాడు. పిల్లను ఇస్తానని తిరుపాల్ ఎప్పుడో మాటిచ్చేశాడు.

"ఏమప్పా, సాకేముందు తెలుసుకోవాల్సింది ఏమన్నా ఉండాదా?" అన్నాడు ఆంజనప్ప.

"ఏముంటాదన్నా. తిండి పెడితే ఒక మూల పడుంటాది."

కాఫీ గ్లాసులు పెడుతున్న చౌడేశ్వరి అలాగే నిలబడిపోయింది. అప్పుడంటే తెలియక అన్నాడు. రెండేళ్లు కళ్ల ముందు చూసి కూడా అదే మాటా? అంటే తను చేసిందేదీ ఈ మనిషికి కనబడనే లేదు. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"మీ ఇంట్లో దీన్ని చూసుకునేది ఎవరన్నా?" అని అడిగింది.

ఆంజనప్ప నవ్వాడు. "ఆడోళ్లుండారు గదమ్మా."

"ఆయమ్మతో ఒక మాట మాట్లాడల్ల. ఫోన్ చెయ్యన్నా."

"నువ్వు లోపలికి పో," అన్నాడు తిరుపాల్. ఆమె పోలేదు. వంగి పిల్లను రెండు చేతులా ఎత్తుకుంది. మాట్లాడందే పిల్లను వదిలేలా లేదని ఆంజనప్ప ఇంటికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆమె ముందుకు చాపాడు.

"తల్లీ, నేను హిందూపురంలో కుక్కలను సాకేదాన్ని. మీ ఆయన కుక్కపిల్ల కోసం వచ్చినాడు. నీకు తెలుసా?"

"తెలీదక్కా," అంది అవతలి గొంతు.

"అయితే విను. ఏడాదికి ఇది నీ అంత బరువైతాది. కట్టేస్తే చెడిపోతాది, మనుషుల మధ్యనే ఉండల్ల. తిన్నాక గంటసేపు ఉరకనీగూడదు. కడుపుబ్బి, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తాంటే తెల్లారనీలే అనుకోవద్దు, అప్పుడే డాక్టరు దగ్గరికి ఎత్తుకపోవల్ల, లేకుంటే చచ్చిపోతాది. ఇంత చేసినా బతికేది ఎనిమిదేండ్లే. అన్నేండ్లు నువ్వు పుట్టింటికి పోయేది కష్టం. ఇష్టపడి సాకితే మటుకు దీనంత మంచి బిడ్డ ఇంకోటి లేదు."

చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇదంతా ఎవరూ నేర్పలేదు, దెబ్బలు తిని తనే నేర్చుకుంది. మగవాళ్లిద్దరూ కాఫీ ముట్టకుండా వింటున్నారు. రెండేళ్లలో మొదటిసారి ఆమె తన గర్వాన్ని లోలోపల దాచుకోలేదు.

ఫోన్లోంచి మెల్లగా, "అక్కా, మా అత్త మంచంలో ఉండాది. ఇద్దరు చిన్నపిల్లోళ్లు. నన్ను ఎవురూ అడగలేదు," అంది ఆ గొంతు. "ఒద్దంటే కుదురుతాదా?"

ఆ ప్రశ్న అడగవచ్చని, దూడను ఇంటికి తెచ్చిన రోజు చౌడేశ్వరికి తోచనే లేదు.

"కుదురుతాది తల్లీ," అంది.

ఆంజనప్ప ముఖం మాడ్చుకొని ఫోన్ కట్ చేశాడు. "మాటిచ్చినా నేను," అన్నాడు తిరుపాల్. "అంగడి సంగతి నీకు తెలుసు గదా." ఆమెకు తెలుసు. ఆంజనప్ప రేపటి నుంచి సిమెంటు ఇంకో చోట కొంటాడని కూడా తెలుసు. ఆ కోపం అంగడి మీదనే ఆగదు, పెనుకొండలో ఆయన ఇంటి గడప కూడా దాటుతుంది.

పిల్లను గుండెకు ఆనించుకొని ఆమె ఆంజనప్ప కళ్లలోకి సూటిగా చూసింది.

"ఇంటికి పోయి ఆయమ్మను ఒక్క మాట అనొద్దన్నా," అంది. "ఒద్దన్నది నేను."