మంత్రగత్తె ముఖం

ముసుగులకు జిగురు కాచిన గిన్నెలోనే పొద్దున్నే జావ కాచాలి. ఎంత తోమినా ఆ కంపు పోదు. వంటగదిలో సగం ఒలీవ్ మొగుడు వెండెల్ తీసే ఫోటోల సామానే: మైనపు ముక్కులు, మేక కొమ్ములు, ఉరితాళ్ళు. చేసేది ఒలీవ్, తగిలించుకుని నిలబడేది ఒలీవ్, కడిగిపెట్టేదీ ఒలీవే. "కదలకుండా నిలబడ్డానికి కూడా అలసటేనమ్మా? నా కొడుకు బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు పాపం" అని అత్తగారు కుర్చీ దిగకుండానే అనేది.

హాలీవుడ్‌లో అందరూ చెప్పుకున్నది ఒక్క ఫోటో గురించే. మంటల్లో కాలబోతున్న మంత్రగత్తె. ఆ కళ్ళలో భయం చూసి, ఇంత ఊహ ఎలా వచ్చిందయ్యా అని వచ్చినవాళ్ళు అడిగేవారు. వెండెల్ కణత మీద వేలుపెట్టి నవ్వేవాడు. ఒలీవ్ కాఫీ పోస్తూ వినేది. ఊహా లేదు, పాడూ లేదు. జ్వరంతో తన పాప ఒళ్ళో బిగుసుకుపోతుంటే, డాక్టరు కోసం పరిగెత్తాల్సిన మనిషి కిటికీ తెర లాగి, కెమెరా తెచ్చి, వెలుతురు బాగుంది కదలకు అన్నాడు. ఆమె కదల్లేదు. మాట విని కాదు, ఒంట్లో సత్తువ లేక. పాపను పూడ్చి వచ్చాక, ఫోటోలో పాప ఉన్నచోట పొగా మంటలూ దిద్దే పని కూడా ఆమెకే అప్పజెప్పాడు.

ఆ ఫోటో చూసి స్టూడియోవాళ్ళు సినిమా మొదలుపెట్టారు. ఏ నటికీ ఆ చూపు రాలేదు. వెండెల్ పెళ్ళాన్ని తీసుకుపోయి గుంజకు కట్టించాడు. మూగ సినిమా కాబట్టి కెమెరా తిరుగుతుండగా ఎవరేం అరిచినా ఫరవాలేదు. నటించేవాళ్ళకు ఏడుపు రావాలని పక్కన ఒకడు వయొలిన్ మీద ఏడుపు పాట వాయిస్తున్నాడు. ఒలీవ్ ముఖంలో ఏమీ పలకలేదు.

"మా ఆవిడ ఎక్కడ నొక్కితే పలుకుతుందో నాకు తెలుసు," అని వెండెల్ దర్శకుడి చేతిలోంచి కేకలేసే గొట్టం అందుకున్నాడు. వడ్రంగులూ దీపాలవాళ్ళూ వింటుండగా అరిచాడు. "పాప, ఒలీవ్. నీ ఒళ్ళో పాప. ఎలా బిగుసుకుందో గుర్తు తెచ్చుకో."

వయొలిన్ ఆగిపోయింది. దర్శకుడు తల దించుకున్నాడు గానీ కెమెరా ఆపమనలేదు.

ఒలీవ్ తల ఎత్తింది. గొంతు పెంచలేదు, ఈ సినిమాకు గొంతుతో పనిలేదు. పెదాలు చూసి మాట పట్టేవాళ్ళు ఏ ఊరి హాల్లోనైనా నలుగురుంటారు. కెమెరా కంటిలోకి సూటిగా చూస్తూ, ఒక్కో మాటా విడదీసి, నోరు బాగా తెరిచి పలికింది.

"నా బిడ్డ చచ్చిపోతుంటే నా మొగుడు డాక్టరు దగ్గరికి పోలేదు. ఫోటో తీశాడు."

వెండెల్ ముఖం పాలిపోయింది. ఆపండి, ఆపండి అంటూ కెమెరాకు అడ్డం పోయాడు.

ఒలీవ్ అతనివంక చూడనైనా లేదు.

"ఆయన్ని పక్కకు లాగండి," అంది దర్శకుడితో. "మీరు ఇంకాస్త దగ్గరికొచ్చి తీయండి. మళ్ళీ మొదట్నుంచి చెబుతాను."