తిప్పని చందువా

అతను మా ఇంటికి రాకూడదు, అతని ఇంట్లో నేను తినకూడదు. రెండూ నేను పెట్టిన షరతులే. అందుకని మా ఆవిడ చిలకమ్మ మూడో దారి వెతికింది. వన్‌టౌన్‌లో చీనావాడి హోటలు. అది ఎవరి ఇల్లూ కాదు కదా, ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట కూతురితో, అతనితో కూర్చుని తినేసి రమ్మంది.

అతనంటే అర్జునరావు, నా అల్లుడు. మాది సబ్బవరం దగ్గర పొలం పనులు చేసుకున్న కుటుంబం. వాళ్లు జాలారిపేటలో చేపల వేట మీద బతికేవాళ్లు. మా గౌరీశ్వరి అతన్ని చేసుకుని రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో వాళ్ల గుమ్మంలో నేను మంచినీళ్లు ముట్టలేదు. పొలం పోయింది, బడి ఏడో తరగతితోనే పోయింది, కంచరపాలెంలో సైకిళ్లకు పంచర్లు వేసుకుంటున్నాను. ఈ పట్టుదలొక్కటే నాకు మిగిలిన ఆస్తి.

బయల్దేరుతుంటే చిలకమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఈపాలి కూడా మొకం మాడ్సుకుని వత్తే, పిల్ల ఇంక మనల్ని పిలవదు. సెప్తన్నాను."

తనకి మోకాళ్ల నొప్పులని రాలేదు. ఆ నొప్పులు సోమవారానికి వాటంతటవే తగ్గిపోయాయి.

హోటలంటే నాలుగు బల్లలు, గోడకి ఒక ఎర్ర కాగితపు దీపం, వంటింట్లోంచి అల్లం వాసన. యజమాని కలకత్తాలో పుట్టి, ఓడల వాళ్లకి వండిపెట్టడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ముసలాయన. పేరు లియాంగ్ అట. బజారంతా లింగయ్య అంటుంది, ఆయనా పలుకుతాడు. కబుర్లు మాత్రం అచ్చం మన పూర్ణా మార్కెట్ మనిషిలాగే చెబుతాడు.

అల్లుడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను ఎదురుగా కాకుండా బల్ల చివర కూర్చుని, నా కంచం నాకు వేరుగా పెట్టమన్నాను. గౌరి గ్లాసులో నీళ్లు పోసి నా వైపు జరిపింది. అంతే.

ముందు గంజి వచ్చింది. పింగాణీ గిన్నెలో, పైన ఉల్లికాడలు, వేయించిన వేరుశనగ గుళ్లు వేసి. మా అమ్మ పోస్తే అది లేమి, ఇక్కడ పోస్తే హోటలు. ఆ మాటే పైకన్నాను. అల్లుడు నవ్వు ఆపుకున్నాడు, గౌరి ఆపుకోలేకపోయింది. రెండేళ్ల తర్వాత పిల్ల నవ్వు అలా ఎదురుగా విని, నేను గిన్నెలోకి చూస్తూ తాగేశాను. బాగుంది. ఇంకొంచెం పొయ్యమని అడగడానికి మనసొప్పలేదు. లింగయ్య అడక్కుండానే పోశాడు.

తరవాత చేప. పెద్ద చందువా, తలా తోకతో సహా ఆవిరి మీద ఉడికించింది. మొన్నటి వేటలో పడిన దాన్ని అల్లుడే పొద్దున్న తెచ్చి ఇచ్చాడని లింగయ్య చెప్పాడు. మళ్లీ రేపు తెల్లవారగట్ల బోటెక్కుతాడట, వచ్చేది గురువారమట.

పై భాగం గౌరి ముగ్గురికీ వడ్డించింది. అంత మెత్తటి చేప నేనెప్పుడూ తినలేదు. ఇంకా కావాలనిపించింది. అడగడం నాకు రాదు కదా, గరిటె తీసుకుని చేప కిందకి దూర్చి తిప్పబోయాను.

"తిప్పకండి బాబూ," అన్నాడు లింగయ్య, చేతిలో పళ్లెం అలాగే పట్టుకుని. "మా నాయనమ్మోళ్లది సముద్రం కాడే. బోటు మీదోడు తినే సేపని తిప్పితే, అక్కడ బోటు తిరగబడతాదని."

అల్లుడు నా మొహం చూశాడు. "మాకట్టాటి పట్టింపు లేదు మావా. తిప్పుకోండి, పర్లేదు."

మర్యాదకి అన్నాడు. కానీ గౌరి తినడం మానేసింది. దాని కళ్లు నా గరిటె మీద ఉన్నాయి. వద్దని అనలేదు. నాకు ఏదీ వద్దని చెప్పడం అది ఎప్పుడో మానుకుంది.

గరిటె బయటికి తీశాను.

"మరి కిందది ఎలాగ తినడం?" అన్నాను లింగయ్యతో, కసురుకున్నట్టే.

"ఒకరు ముల్లెత్తాలి, ఒకరు తియ్యాలి. మా ఇంట్లో అలాగే."

అంటే ఒకే పళ్లెంలో రెండు చేతులు. తింటున్న చేతులే. అల్లుడు కదల్లేదు, తన చెయ్యి తన కంచంలోనే ఉంచుకున్నాడు. నేను పిలిస్తే తప్ప రాడని అర్థమైంది. రెండేళ్లుగా అతను నా గుమ్మం విషయంలో చేస్తున్నదీ ఇదే.

నా కంచం తీసుకుని బల్ల చివర నుంచి వాళ్ల దగ్గరకి జరిగాను.

"ఎత్తు," అన్నాను.

తోక దగ్గర పట్టుకుని ముల్లు పైకెత్తాడు. తాళ్లు లాగి గట్టిపడిన వేళ్లు, అయినా పసిపిల్లని ఎత్తినంత నెమ్మదిగా ఎత్తాడు. దాని కింద నేను చెయ్యి పెట్టి కండ తీశాను. మా వేళ్లు రెండు మూడు సార్లు తగిలాయి. మొదటి ముద్ద గౌరి కంచంలో వేశాను. రెండోది అతని కంచంలో. మిగిలింది నేను తిన్నాను.

గౌరి తలొంచుకుని తింటోంది. ముక్కు ఎగబీలుస్తుంటే అల్లం ఘాటా అని అడిగాను. అవునంది.

చెయ్యి కడుక్కున్నాక అల్లుడు నా సైకిలు బయటికి తీసి పట్టుకున్నాడు. ఎక్కబోతూ ఆగాను.

"గురువారం వత్తావు కదా?"

"వత్తాను మావా."

"వచ్చినాక మీ ఇంటికాడ వండించు. మీ అత్తని కూడా తెత్తాను." పెడల్ మీద కాలు పెట్టాను. "ముల్లు మాత్రం నువ్వే ఎత్తాలి."