కొప్పు మీది ఆల్సీడ్

పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని పెరట్లోకి వచ్చి, మెడ వెనక్కి వాల్చి, ఇంటి కప్పు మీద కూర్చున్న మొగుడితో నాలుగు మాటలు మాట్లాడితే తప్ప వెర్లీకి రోజు మొదలైనట్టుండదు.

"రాత్రి దోమలు చంపేశాయి. నీకేం, హాయిగా పైన కూర్చున్నావు," అనేది. ఆల్సీడ్ తల తిప్పి చూసేవాడు. అంతే. బతికున్నప్పుడూ అంతకు మించి మాట్లాడిన మనిషి కాదు కనక ఆవిడకి పెద్ద లోటేమీ అనిపించేది కాదు.

లూసియానాలో ఆ కాలవ ఒడ్డు ఊళ్ళో ఇళ్ళ కప్పులు వేసేవాళ్ళు చచ్చిపోయాక తాము ఆఖరున వేసిన కప్పు మీద కూర్చుంటారు. చర్చి మీద ఒకాయన ఉన్నాడు, చేపల గోదాం మీద అన్నదమ్ములిద్దరున్నారు. పని కోసం టెక్సాస్ పోయి అక్కడే పోయినవాళ్ళు ఎవరెవరి కొట్ల మీదో కూర్చుని ఉంటారని ఇక్కడి ఆడవాళ్ళు బాధపడతారు. వెర్లీ అదృష్టవంతురాలు. ఆల్సీడ్ ఆఖరున వేసింది సొంత ఇంటి కప్పే.

ఆ వేసవి తుఫానుకి వెనకవైపు తారు పెంకులు లేచిపోయాయి. ఆల్సీడ్ రెండు చేతులా కప్పు నడినెత్తిన ఉన్న కొప్పు పట్టుకుని వేలాడడం ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. గాలి తగ్గీ తగ్గగానే ఊరంతా నిచ్చెనలతో దిగిపోయింది. ఆ ఊరి పద్ధతి అది. ఎవరి ఇల్లు చెడితే అందరూ వాళ్ళింటి మీదే ఉంటారు. సాయంత్రానికి పెంకులన్నీ సర్ది, వెర్లీ వండిన రొయ్యల పులుసు కుండ ఖాళీ చేసి, పాటలు పాడుకుంటూ వెళ్ళారు. బీమా వాళ్ళు వచ్చి చూసేదాకా చెయ్యి పెట్టకూడదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

బీమా కంపెనీ తరఫున ప్రూయిట్ అనే ఆయన వచ్చాడు. మర్యాదస్తుడు. పైకి ఎక్కగానే టోపీ తీసి, "బాగున్నారా ఆల్సీడ్ గారూ," అని పలకరించి మరీ కప్పంతా తడిమి చూశాడు. దిగి వచ్చి నసిగాడు.

"గాలి చేసిన నష్టం నాకేమీ కనబడలేదమ్మా. ఉన్నదల్లా పాతబడడమే. దానికి కంపెనీ డబ్బివ్వదు."

"ఊరంతా బాగుచేసి పెడితే ఇంకేం కనబడుతుంది బాబూ! ఆయన్నడగండి. రాత్రంతా వేలాడుతూనే ఉన్నాడు."

"ఇంటావిడ మొగుడి సాక్ష్యం చెల్లదమ్మా," అన్నాడు ప్రూయిట్, నిజంగానే సిగ్గుపడుతూ. "ఇంకో మాట. ఇంత పాత కప్పుకి వచ్చే ఏడు బీమా ఇవ్వరు. మొత్తం పీకించి కొత్తది వేయించుకోవాలి."

బీమా లేకపోతే ఇంటి మీద అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు. తనే ఓ బీమా తగిలించి దాని ఖర్చు వాయిదాలో కలుపుతుంది. వెర్లీ పింఛను దానికే చాలదు. ఇల్లు పోతుంది. ఇల్లు నిలవాలంటే కప్పు మార్చాలి. కప్పు మారిస్తే ఆల్సీడ్ పోతాడు.

ఆవిడ అన్న కొడుకు రెమీ కప్పులు వేసే పనివాడే. ఆల్సీడ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. "అత్తా, నేను ఊరికే వేసి పెడతాను, పెంకులు కొను చాలు," అన్నాడు. వెర్లీ ఆల్సీడ్ పడవ అమ్మింది. అమ్మిందే గాని పని మొదలుపెట్టనివ్వలేదు. ఒకరోజు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఒరేయ్ రెమీ, ఆఖరున వేసిన కప్పు మీద కదా కూర్చునేది? కొత్త కప్పులో ఒక్క పెంకు మీ మామ చేత వేయిస్తే?"

రెమీ బుర్ర గోక్కున్నాడు. "చచ్చినవాళ్ళు సుత్తి ఎత్తలేరత్తా."

"నేనెత్తుతానురా. నీకెందుకు?"

రెమీ చూరు దగ్గర్నుంచి పాత పెంకులు పీకుతూ, కొత్తవి వేస్తూ పైకి వచ్చాడు. చివరికి ఆల్సీడ్ కూర్చున్నంత మేర మాత్రం మిగిలింది. పెళ్ళయిన నాటినుంచీ కింద నిలబడి నిచ్చెన పట్టుకోవడమే తప్ప ఒక్కసారీ పైకెక్కని వెర్లీ, మరియమ్మని తలుచుకుంటూ, అడ్డమైన తిట్లూ తిడుతూ పైకెక్కింది. మొగుడి పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి చల్లగా ఉంది. ఆ చేతికి సుత్తి అందించి, పైన తన చెయ్యి వేసి కొట్టింది. మేకు రెండుసార్లు వంగింది. మూడోసారి దిగింది. పెంకు వంకరగా కూర్చుంది.

రెమీ ఊపిరి బిగబట్టి ఆఖరి పాత పెంకు లాగేశాడు. ఆల్సీడ్ కదల్లేదు. అక్కడే, కొత్త కప్పు మీద, భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. వెర్లీ పట్టలేని సంతోషంతో ఏడ్చేసింది.

కొత్త కప్పు చూడడానికి ప్రూయిట్ మళ్ళీ వచ్చాడు. పెరట్లోంచి పైకి చూసి, సంతకానికి తీసిన కలం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏమయ్యా, బాగాలేదా?" అంది వెర్లీ.

"పని బాగుందమ్మా. కాని ఆయనింకా ఉన్నాడు. కంపెనీ తీసే డ్రోన్ ఫొటోలో కనబడతాడు. పాత కప్పు పీకేస్తే పోవాలి కదా? పోలేదంటే, కొత్తదాన్లో ఆయన చెయ్యి పడిందనేగా? ఆయన లైసెన్సు ఆయనతోనే పోయింది. లైసెన్సు లేని చెయ్యి పడ్డ కప్పుకి బీమా ఇవ్వరు."

"ఒక్క పెంకండీ! అంతా నేనే వేశాను!" అన్నాడు రెమీ.

"ఆ ఒక్కటీ తీసేస్తే సంతకం పెట్టేస్తాను."

"తియ్యను," అంది వెర్లీ. "ఇల్లు పట్టుకుపొమ్మను మీ బ్యాంకుని. ఎదురింట్లో గది అద్దెకి తీసుకుంటాను. అక్కణ్ణుంచీ ఆయన కనబడతాడు. ఇటుకలూ చెక్కలూ నాకెందుకయ్యా?"

"అత్తా, డెబ్బై దాటాక అద్దె గదిలో..."

"నోర్ముయ్! ఆ పెంకు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను."

పైన ఏదో కిర్రుమంది. ముగ్గురూ తలెత్తారు.

ఆల్సీడ్ వంగి ఉన్నాడు. రెమీ కొప్పు మీద మరిచిపోయి వచ్చిన సుత్తి ఆయన చేతిలో ఉంది. ఈసారి ఎవరి చెయ్యీ దాని మీద లేదు. సుత్తి వెనక కొక్కేన్ని వంకర పెంకు కిందికి దూర్చి, బతికుండగా ఎంత నెమ్మదిగా పని చేసేవాడో అంత నెమ్మదిగా మేకు లాగుతున్నాడు.

"వద్దు ఆల్సీడ్! నామాట విను. నేనడగలేదు, నిన్నెవరడిగారు!" వెర్లీ నిచ్చెన వైపు పరిగెత్తింది. రెండు మెట్లెక్కిందో లేదో మేకు ఊడింది. ఆల్సీడ్ పెంకుని జారిపోకుండా పక్కనే కొప్పుకి ఆనించాడు. సుత్తి పక్కన పెట్టాడు. తల తిప్పి ఆవిణ్ణి చూశాడు.

తర్వాత కొప్పు మీద ఎవరూ లేరు.

ప్రూయిట్ టోపీ తీసి పట్టుకున్నాడు. రెమీ ఏడుస్తూనే పైకెక్కి ఆ ఖాళీలో కొత్త పెంకు తిన్నగా వేశాడు. వెర్లీ నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయింది. చీకటిపడేదాకా ఎవరు పిలిచినా దిగలేదు.

బీమా వచ్చింది. ఏడాది తిరక్కుండా కంపెనీ రేటు పెంచింది. ఆ పై ఏడాది మళ్ళీ పెంచింది. వెర్లీ రొయ్యలు ఒలిచే చోట పనికి కుదిరింది. వేళ్ళు పగిలి రక్తం కారుతోంది. ఈ వయసులో ఈ పాట్లెందుకు, ఇల్లు అమ్మేసి నా దగ్గరికొచ్చెయ్యమని రెమీ బతిమాలుతూనే ఉన్నాడు. ఆవిడ వినదు. ఒకప్పుడు చిటికెలో వదిలేస్తానన్న ఇల్లే అది. ఇప్పుడు ఆయన ఇచ్చి వెళ్ళిన ఇల్లయింది.